అసలైన వేట మాంసం

అమెరికాలో చాలాచోట్ల ఎల్క్‌ని వేటాడాలంటే ముందు లాటరీ తగలాలి. నవ్వకండి, నిజమే. కొలరాడోలో ఏ కొండ ప్రాంతంలో వేటాడాలనుకుంటున్నారు, ఏ తేదీల్లో, మగదాన్నా ఆడదాన్నా... అన్నీ రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఏప్రిల్ మొదట్లోనే గడువు అయిపోతుంది. ఏ కొండ మీద ఎన్ని జంతువులున్నాయో, వాటిలో ఎన్నిటిని తీసినా మందకి నష్టం లేదో వన్యప్రాణి శాఖవాళ్లు లెక్కగట్టి అన్ని లైసెన్సులే ఇస్తారు. అడిగినవాళ్లు ఎక్కువైతే డ్రా. రానివాళ్లకి ఓదార్పుగా ఒక పాయింటు. అలా పాయింట్లు కూడబెట్టుకుంటూ, పేరుపడ్డ ఒకటి రెండు అడవుల కోసం ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. వెనకటికి హౌసింగ్ బోర్డు ఇంటి కోసం మన నాన్నలు ఎదురుచూసినట్టన్నమాట.

పోయిన ఏడాది మా అన్నకి డ్రాలో తగిలింది. అన్నంటే తోడబుట్టినవాడు కాదు, పాల్వంచ మనిషి. నాది తెనాలి. డెన్వర్ పక్కన అరోరాలో రెండు వీధుల దూరంలో ఉంటాం. ఆయన వచ్చి పాతికేళ్లయింది. వచ్చిన కొత్తలో తను పనిచేసే చోట ఒక పెద్దాయన వెంట అడవికి వెళ్లి ఈ విద్య నేర్చుకున్నారట. ఆ పెద్దాయన పోయారు. అప్పట్నుంచీ అన్న ఒక్కరే వెళ్తున్నారు. రెండేళ్ల కిందట ఆయన గుండెకి స్టెంట్ పడింది. డాక్టరు నడవమన్నాడు, కొండలెక్కొచ్చన్నాడు. వదిన మాత్రం ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టారు. "మా తెనాలి తమ్ముడు తోడొస్తే వెళ్లండి. లేకపోతే ఆ లైసెన్సు ఫ్రేము కట్టించుకోండి."

నేను జన్మలో తుపాకీ ముట్టుకున్నవాణ్ని కాదు. అదే చెప్పాను.

"నిన్ను తుపాకీ ఎవరు పట్టమన్నరు తమ్ముడూ? నువ్వు బస్తా పట్టు చాలు" అన్నారు అన్న.

ఆ బస్తా సంగతి తర్వాత తెలిసొచ్చింది.

ఈ కబురు ఫోన్లో చెబితే తెనాలిలో మా అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. ఆ తర్వాత, "జింకని చంపుతారట్రా? అక్కడ కోళ్లు దొరకవా?" అంది. అమ్మ తప్పేం లేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే నేరమే. జింకని కొట్టి జైలుకెళ్లినవాళ్ల గురించి పేపర్లో చదివే ఇళ్లు మనవి. మన అడవులకీ మన జనాభాకీ ఆ చట్టం సరైనదేనని నా అభిప్రాయం కూడా. అయితే అక్కడ కథ వేరే దారిలో నడిచింది.

ముందు ఎల్క్ అంటే ఏమిటో చెప్పాలి. మన నల్లమలలో తిరిగే కణుజుని ఊహించుకోండి. దానికంటే ఇంకా పొడవు, ఇంకా బరువు. మగది మూడు వందల కిలోల పైమాటే. మెడ చుట్టూ ముదురు గోధుమ రంగు జూలు, వెనక తెల్లటి పిర్ర. షానీ తెగవాళ్లు దీన్ని వాపిటీ అంటారు, తెల్ల పిర్ర అని అర్థం. కశ్మీర్‌లోని హంగుల్ దీనికి దగ్గరి చుట్టం. మగదాని కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. పెద్దదాని కొమ్ముల జత పద్దెనిమిది కిలోల దాకా తూగుతుంది. నెత్తిన రెండు బియ్యం బస్తాలు పెట్టుకుని అడవిలో చెట్ల మధ్య పరిగెత్తడం ఎలాగో దాన్నే అడగాలి. అన్నట్టు యూరప్‌లో ఎల్క్ అంటే వేరే జంతువు. దాన్ని అమెరికాలో మూస్ అంటారు. ఇంగ్లిషువాళ్ల పేర్ల గందరగోళం మనకెందుకు.

ఒకప్పుడు లక్షల్లో ఉండే ఈ జంతువు పంతొమ్మిదో శతాబ్దం చివరికి కొలరాడోలో అంతరించినంత పనైంది. గనుల దగ్గర కూలీలకి తిండి పెట్టడానికి, నగరాల్లో మాంసం అమ్మడానికి బళ్లకొద్దీ చంపారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాష్ట్రం మొత్తం మీద మిగిలినవి వెయ్యికి అటూ ఇటూ. అప్పుడు వేట ఆపేశారు. 1910ల్లో పక్కనున్న వయోమింగ్ నుంచి ఎల్క్‌లని రైళ్లలో తెచ్చి ఇక్కడి కొండల్లో వదిలారు. 1900లో వచ్చిన లేసీ చట్టం దొంగతనంగా కొట్టిన అడవి జంతువుల్ని రాష్ట్రం దాటించి అమ్మకుండా కట్టడి చేసింది. వేటాడిన మాంసాన్ని మీరు తినొచ్చు, పంచిపెట్టొచ్చు, రూపాయికి కూడా అమ్మకూడదు. హోటల్లో ఎల్క్ అని మెనూలో కనిపిస్తే అది ఫారంలో పెంచినదే. 1937లో ఇంకో చట్టం వచ్చింది. తుపాకుల మీదా తూటాల మీదా వచ్చే పన్ను సొమ్ముని వన్యప్రాణుల పనులకే రాష్ట్రాలకి ఇమ్మంది. ఇప్పుడు కొలరాడోలో ఎల్క్‌లు రెండున్నర లక్షల పైమాటే. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వేటగాళ్ల డబ్బుతోనే వేట జంతువు బతికి బట్టకట్టిందంటే మనకి వింతగా ఉంటుంది కానీ, లెక్కలు ఆ మాటే చెబుతున్నాయి. దీన్ని ఒప్పుకోనివాళ్లూ అక్కడ చాలామంది ఉన్నారు. ప్రకృతిలో ఆ పని తోడేళ్లది కదా, వాటినే తీసుకురండి అన్నారు. 2020లో దాని మీద ఓటింగ్ పెడితే స్వల్ప తేడాతో నెగ్గింది. 2023 డిసెంబరులో తోడేళ్లని తెచ్చి వదిలారు కూడా. పశువుల పెంపకందార్లు అప్పట్నుంచీ గొడవ చేస్తూనే ఉన్నారు.

సరే, మా ప్రయాణం.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరు నెలలు తయారీ. అన్న దగ్గర వేట శిక్షణ కార్డు ఉంది. 1949లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లెవరైనా ఆ కోర్సు చదివి పరీక్ష పాసవ్వనిదే లైసెన్సు ఇవ్వరు. తుపాకీ ఎలా పట్టుకోవాలన్నదానికంటే ఎప్పుడు పేల్చకూడదన్నదే అందులో ఎక్కువట. నా తయారీ వేరు. డెన్వర్‌కి దగ్గర్లో రెడ్ రాక్స్ అని ఎర్రటి బండల మధ్య కచేరీలు జరిగే ఆరుబయలు ప్రదర్శనశాల ఉంది. దానికి మూడు వందల ఎనభై మెట్లు. ప్రతి శనివారం పొద్దున్నే వీపున సంచి, సంచిలో ఇండియన్ షాపులో కొన్న ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా. మేలో ఒక బస్తాతో మొదలుపెట్టాం. ఆగస్టుకి రెండయ్యాయి. పక్కన చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లు, చెమటలు కక్కుతున్న ఇద్దరు నడివయసు తెలుగువాళ్లని జాలిగా చూసేవాళ్లు. ఒకరోజు నా బస్తా చిరిగి మెట్ల మీద బియ్యం పోసుకుంటూ పోయింది. "తలంబ్రాలు తర్వాత, ముందు ఎక్కు" అన్నారు అన్న.

ఆదివారాలు గురి చూసే మైదానం. కాగితపు పళ్లెం మీద గుండ్రంగా గీత గీసి, వంద గజాలు, రెండు వందలు, రెండున్నర వందలు. పడుకుని కొట్టడం, కూర్చుని కొట్టడం, పరిగెత్తి వచ్చి ఆయాసంతో కొట్టడం. రెండున్నర వందల గజాలు దాటితే ఆయన తూటాలు పళ్లెం అంచులు దాటుతున్నాయి. "ఇదే మన గీత. ఇంతకంటే దూరంలో దేవేంద్రుడి ఐరావతం నిలబడ్డా కొట్టేది లేదు" అన్నారు. సీసం తూటాలు మానేసి రాగివి వాడుతున్నారు. సీసం చిన్న చిన్న ముక్కలై మాంసంలో కలుస్తుంది, వదిలేసిన పేగుల్ని తిన్న గద్దలకీ విషమవుతుంది.

బట్టల సంగతి ఇంకో పురాణం. నూలు బట్ట పనికిరాదు. చెమటకి తడిస్తే ఆరదు, ఆ తడితోనే చలికి మనిషి కొయ్యబారిపోతాడు. ఉన్ని మీద ఉన్ని, ఆపైన గాలి చొరబడని కోటు. దాని మీద మళ్లీ కాషాయం కాని, నారింజ కాని ఒక మెరిసే రంగు కోటు. రైఫిల్‌తో వేటాడేవాళ్లు నడుముకి పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర ఆ రంగు వేసుకోవాలని చట్టం, నెత్తిన టోపీ కూడా అదే రంగు. ఇంకో వేటగాడు మిమ్మల్ని జంతువనుకోకుండా. మరి ఎల్క్‌కి కనబడమా అంటే, దాని కంటికి ఆ రంగు ఆకుల రంగుకి పెద్ద తేడా ఉండదు. గులాబీ రంగు కూడా వేసుకోవచ్చని 2016లో చట్టం మార్చారు. వదిన నా కోసం గులాబీదే కొన్నారు. తగ్గింపు ధరలో ఉందట.

వారం ముందు నుంచీ సబ్బులు బంద్. అగరొత్తులు వెలిగించే గదిలో బట్టలు పెట్టకూడదు. ఎల్క్ కంటిని మోసం చెయ్యొచ్చు, చెవిని మోసం చెయ్యొచ్చు కానీ ముక్కుని మోసం చెయ్యలేమని అన్న సిద్ధాంతం. మరి పులిహోర? గోంగూర పచ్చడి? "అవి గుడారం దగ్గరే. కొండ మీదికి బాదం పప్పు, బెల్లం."

అక్టోబరు మధ్యలో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. పడమటి దారిలో ఐజెన్‌హోవర్ సొరంగం వస్తుంది. సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున కొండని తొలిచి వేసిన దారి. అది దాటితే నీళ్లు పసిఫిక్ వైపు పారతాయి. ఇంకాస్త పోతే ఒక ఊరు, దాని పేరు రైఫిల్. ఒట్టు, బోర్డు మీద అలాగే ఉంది. అక్కడ ఉత్తరానికి తిరిగితే మీకర్. 1901లో అప్పటికింకా ప్రెసిడెంటు కాని థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చి కొండ సింహాల్ని వేటాడింది ఈ చుట్టుపక్కలే. అక్కణ్నుంచి వైట్ రివర్ వెంట పైకి పోతే ఫ్లాట్ టాప్స్. పేరుకి తగ్గట్టు బల్లపరుపు నెత్తి ఉన్న కొండలు. ఇక్కడి ఎల్క్ మంద అమెరికాలోనే పెద్ద మందల్లో ఒకటి.

ఈ కొండల్లో ట్రాపర్స్ లేక్ అని ఒక సరస్సు ఉంది. 1919లో ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఒక ఉద్యోగిని అటవీ శాఖ ఇక్కడికి పంపింది. సరస్సు చుట్టూ వేసవి విడుదులకి స్థలాలు గుర్తించి, దారి గీసుకురమ్మన్నారు. ఆయన తిరిగెళ్లి, ఇక్కడ ఏమీ కట్టకండి, ఇలాగే వదిలెయ్యండి అన్నాడు. పైవాళ్లు విన్నారు! ఆ ఆలోచనే పెరిగి పెరిగి 1964లో అడవుల్ని అడవులుగా వదిలేసే చట్టమైంది. 1975లో ఫ్లాట్ టాప్స్ కూడా దాని కిందికి వచ్చింది. ఆ సరిహద్దు దాటాక కారు, మోటారు సైకిలు, ఆఖరికి మామూలు సైకిలు కూడా నిషిద్ధం. చక్రాల బండి మీద మాంసం లాక్కురావడమూ కుదరదు. గుర్రం ఉండాలి, లేదా మీ వీపు. మా దగ్గర గుర్రం లేదు.

దారి చివర, దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో గుడారం వేశాం. మన ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు వైపు కొండల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్ల లోపే. మొదటి రాత్రి తల పగిలిపోయింది. నీళ్లు తాగు, నీళ్లు తాగు అంటూ అన్న నిద్రపోనివ్వలేదు. ఆ ఎత్తులో నీళ్లు తొంభై డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అన్నం ఎంతసేపున్నా ఉడకదు. పక్క గుడారంవాళ్లు పొడి పొట్లాల్లో వేడినీళ్లు పోసుకుని తింటుంటే మేం ప్రెషర్ కుక్కర్ తీశాం. అడవిలో మూడు కూతలు. వాళ్లు ఉలిక్కిపడి చూశారు. వేడి అన్నం, గోంగూర, నెయ్యి. ఆ రాత్రికి ఆ కొండల్లో మాకంటే శ్రీమంతులు లేరు. తిన్న గిన్నెలు మాత్రం కారులో పెట్టి తాళం వెయ్యాల్సిందే, ఎలుగుబంట్లుంటాయి.

వేటంటే తుపాకీ కదా అనుకునేవాణ్ని. వేటంటే గాలి. అన్న జేబులో వాసన లేని తెల్ల పొడి డబ్బా ఒకటుంటుంది. పది అడుగులకోసారి చిటికెడు ఊదుతారు, అది ఎటు పోతే గాలి అటు. సూర్యుడు రాకముందు చల్లగాలి బరువుగా లోయలోకి జారుతుంది. అప్పుడు మనం కింద, జంతువు పైన ఉండాలి. ఎండెక్కాక గాలి తిరగబడి పైకి లేస్తుంది. అప్పటికి మనం పైకి చేరిపోవాలి. అందుకని మూడున్నరకి లేచి, తలకి దీపం కట్టుకుని, చీకట్లో మూడు కిలోమీటర్ల ఎక్కుడు. 2002లో ఇటువైపు పెద్ద కార్చిచ్చు వచ్చింది. మోడైన చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, గాలికి కిర్రుమంటుంటాయి. వాటి కింద నిలబడొద్దని అన్న నన్ను చెయ్యి పట్టుకుని లాగేవారు. గంటకోసారి నేను ఆగి, ఉపగ్రహంతో పనిచేసే చిన్న యంత్రంలో వదినకి కబురు పెట్టాలి. ఫోన్లు పనిచెయ్యవు. మొదటి రోజు పదకొండు కబుర్లు. పదకొండూ ఒకటే. "బాగున్నాం. ఏమీ కనబడలేదు."

రెండో రోజు తెల్లవారుతుండగా ఆ కూత విన్నాను. ఎల్క్‌ల జత కట్టే కాలం సెప్టెంబరు. అక్టోబరు మధ్యకి దాదాపు అయిపోతుంది, ఎక్కడో ఒకటి అరా ఇంకా పిలుస్తుంటాయి. అడుగు నుంచి మూలుగులా మొదలై, పిల్లనగ్రోవిలా పైకి పైకి పోయి, చివర దగ్గుతో తెగింది. నా వీపున చెమట చల్లబడింది. ఐదు నిమిషాలకి ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి అది బయటికొచ్చింది. అటు ఆరు, ఇటు ఆరు కొనల కొమ్ములు. డెబ్బై గజాలు కూడా లేదు. ముక్కుల్లోంచి ఆవిరి కనబడుతోంది. నేను అన్న వైపు చూశాను. ఆయన తుపాకీ ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్నారు.

ఆయన లైసెన్సు మీద ఆడది అని ఉంది. గోడకి కొమ్ములు తగిలించుకునేవాళ్లు మగదాని కోసం ఏళ్లు ఆగుతారు. అన్న ప్రతిసారీ ఆడదానికే పెడతారు. మంద పెరగాలా తగ్గాలా అన్నది ఆడవాటి లెక్క మీదే నడుస్తుంది కనుక వాటికి లైసెన్సు తొందరగా వస్తుంది. "కొమ్ములు ఉడకవు తమ్ముడూ" అన్నది ఆయన అసలు కారణం.

ఆ సాయంత్రమే ఆడవి కనబడ్డాయి. ఎదుటి వాలు మీద పదిహేను దాకా. దూరం కొలిచే యంత్రంలో చూస్తే మూడు వందల నలభై గజాలు. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకే పేల్చొచ్చు, ఇంకా ఇరవై నిమిషాలుంది. నడుమ లోయ. అన్న తుపాకీ చెట్టు కొమ్మకి ఆనించి, గురి చూసి, చాలాసేపు అలాగే ఉన్నారు. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత ఆయన తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నారు. దూరం ఎక్కువైంది, పక్కగాలి ఉంది. గాయపడి ఆ చీకట్లో లోయలోకి దిగితే రాత్రంతా ఎక్కడో పడి బాధపడుతుంది. గుడారానికి వచ్చేదాకా మేం మాట్లాడుకోలేదు. ఆయన ఎన్ని నెలలు మెట్లెక్కారో నాకు తెలుసు. ఇక మిగిలింది మూడు రోజులేనని కూడా తెలుసు.

మూడో రోజు పొద్దున ఏడున్నరకి, నూట అరవై గజాల్లో, పక్కకి తిరిగి మేస్తున్న ఒంటరి ఆడ ఎల్క్. దాని పక్కన దూడ ఉందేమోనని అన్న బైనాక్యులర్స్‌తో అటూ ఇటూ అయిదు నిమిషాలు వెతికారు. లేదు. కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, జబ్బ వెనక ఊపిరితిత్తుల దగ్గర గురిపెట్టారు. ఒక్కటే చప్పుడు. అది పది అడుగులు నడిచింది. నిలబడింది. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు తల తిప్పింది. పడిపోయింది.

వెంటనే దగ్గరికి పోకూడదట. అరగంట కూర్చున్నాం. అన్న చేతులు వణుకుతున్నాయి. దగ్గరికెళ్లాక ఆయన దాని మెడ మీద చెయ్యేసి మోకాళ్ల మీద కూర్చున్నారు. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. దాని కంటి రెప్పల మీద మంచు నలుసులు కరిగి నీళ్లవుతున్నాయి. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. గర్వమూ లేదు. గుళ్లో గర్భగుడి ముందు చటుక్కున మాట ఆగిపోతుందే, అలా ఉంది. చాలాసేపటికి అన్న, "నీళ్లున్నయా?" అన్నారు. తాగి, చొక్కా జేబులోంచి లైసెన్సు తీసి, దాని చీటీ చింపి, తేదీ వేసి, సంతకం పెట్టారు. అడవి మధ్యలో, అంత నిశ్శబ్దంలో, బాల్‌పెన్ను రాయక రెండుసార్లు విదిలించారు.

ఇక్కడ ఒక మాట. మా కోస్తాలో మేకనీ పొట్టేలునీ వేట అంటాం. ఆదివారం పొద్దున వేట మాంసం తెమ్మంటే మా నాన్న సంచి పట్టుకుని తెనాలి మార్కెట్లో వరసలో నిలబడేవాడు. అన్న వాళ్ల వైపు యాట అంటారు. ఏ కాలంలోనో నిజంగా వేటాడి తెచ్చిన మాంసానికి ఉన్న పేరు, కొక్కేనికి వేలాడే పొట్టేలుకి మిగిలిపోయిందేమో. నాకు తెలిసిన వేట మాంసం అరకిలో లెక్కన పొట్లం కట్టి ఇచ్చేదే. "లేతది చూసి కొట్టవయ్యా" అనడం వరకే మన బాధ్యత. ఇక్కడ అన్న కత్తి చేతికిచ్చి కాలు పట్టుకోమన్నారు. కాలు ఇంకా వెచ్చగా ఉంది. నలభై ఏళ్లుగా మాంసం తింటున్న చేతికి మొదటిసారి ఆ వెచ్చదనం తెలిసింది.

పని నాలుగు గంటలు పట్టింది. పొట్ట కోయకుండానే పై వైపు తోలు వొలిచి, తొడ, జబ్బ, వెన్ను కండ, మెడ తీసి, రెండో వైపు తిప్పి మళ్లీ అంతే. ఆడదని రుజువు చూపే భాగాన్ని మాంసానికి అంటిపెట్టే ఉంచాలి, దారిలో అధికారి ఆపి చూడొచ్చు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలెయ్యడం నేరం. కొమ్ములు మాత్రం కోసుకుని మాంసం వదిలేస్తే ఇంకా పెద్ద నేరం. ముక్కల్ని పల్చటి గుడ్డ సంచుల్లో కట్టి, నీడన కొమ్మలకి వేలాడదీశాం. మాంసానికి శత్రువు వేడి. అందుకే అంత తొందర.

ఒక్కో వెనక తొడ ఎముకతో కలిపి ఇరవై ఏడు కిలోలు. అంటే మూడు సోనా మసూరి బస్తాలు. మెట్ల మీద రెండింటితోనే ఆపేశామని అప్పుడు గుర్తొచ్చింది. మూడు కిలోమీటర్ల దిగుడు, అడ్డంగా పడున్న మోడులు. ఇద్దరికీ తలా మూడు తిరుగుళ్లు.

రెండో తిరుగుడులో అన్న ఒక దుంగ మీద చటుక్కున కూలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. చెయ్యి కోటు మీదికి పోయింది. నా వీపు మీద బరువు ఎలా దించానో తెలియదు. యంత్రంలో ప్రమాద సంకేతం పంపే బటన్ మీద మూత ఉంటుంది, దాన్ని గోటితో ఎత్తాను.

"అన్నా! నొప్పా? ఛాతీలోనా?"

"మోకాలు తమ్ముడూ" అన్నారు కళ్లు తెరవకుండా. "చెయ్యి బెల్లం కోసం."

బెల్లం ముక్క తీసి సగం నాకిచ్చారు. నేను మూత మళ్లీ నొక్కిపెట్టాను. ఆ తిరుగుడు అయ్యాక మిగిలింది రేపేనని నేను గట్టిగా చెప్పాను. ఆయనకి నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే, ఆశ్చర్యంగా విన్నారు. రాత్రి సున్నాకి కిందికి పోయే చలి, మాంసానికి ఢోకా లేదు. సాయంత్రం వదినకి పంపిన కబురులో "ఒకటి దొరికింది. బాగున్నాం. అన్న మోకాలు కాస్త నొప్పి" అని రాశాను. నిమిషంలో జవాబు. "మోకాలేనా?" దానికి అన్నే స్వయంగా బదులిచ్చారు. ఏం రాశారో చూపించలేదు.

తెల్లారి వెళ్లేసరికి మా సంచులు అలాగే వేలాడుతున్నాయి. కింద వదిలేసిన పేగులు మాత్రం లేవు. పచ్చటి మేత ముద్ద, చుట్టూ నేలంతా తొక్కిడి, ఒక ఎలుగుబంటి పాదం అచ్చు. పెద్ద అడవికాకులు నాలుగు ఇంకా ఏదో ఏరుకుంటున్నాయి.

తల తెచ్చి మీకర్‌లో వన్యప్రాణి శాఖవాళ్లకి ఇచ్చాం. జింక జాతుల్లో మెదడుని గుల్లచేసే ఒక జబ్బు ఉంది. 1967లో ఈ రాష్ట్రంలోనే ఫోర్ట్ కాలిన్స్‌లో మొదట గుర్తించారు. మనుషులకి సోకినట్టు రుజువేమీ లేదు కానీ, పరీక్షలో లేదని తేలాకే తినమంటారు. ఎముక తీసేశాక మాంసం డెబ్బై కిలోలు తేలింది. లైసెన్సు రాష్ట్రంవాళ్లకి వంద డాలర్లలోపే, బయటివాళ్లకైతే దానికి ఎన్నో రెట్లు. అది కాక పెట్రోలు, తూటాలు, నా గులాబీ కోటు... వదిన కాగితం మీద కూడి, "కిలో లెక్కన చూస్తే రొయ్యలు చవక" అన్నారు. పరీక్ష ఫలితం దీపావళి దగ్గర పడ్డాక వచ్చింది. జబ్బు లేదు. ఈలోపు కార్తీకం వచ్చేసింది. ఆ ఇంట్లో కార్తీకమాసం నీచు ముట్టరు. డెబ్బై కిలోల మాంసం ఫ్రీజర్లో, అన్న రోజూ మూత తీసి చూసుకుని మళ్లీ మూసెయ్యడం.

పొట్లాల మీద వదిన తెలుగులోనే రాశారు. తొడ. జబ్బ. మెడ, పులుసుకి. కైమా. నా వాటాగా నాలుగు పొట్లాలు పక్కన పెట్టి, వాటి మీద "తెనాలి" అని రాశారు.

మార్గశిరం వచ్చిన మొదటి ఆదివారం మెడ మాంసం పులుసు పెట్టారు. కొవ్వు దాదాపు లేని మాంసం. కుక్కర్లో ఎనిమిది కూతలు పట్టింది. అమ్మ ఆ రోజు ఫోన్ చేసింది. ఏం కూర అంటే చెప్పాను. కాసేపాగి అడిగింది, "గోంగూర వేశారా, చింతపండు వేశారా?"